బ్రేకు వెయ్యని ఊరేగింపు

పెట్రోలు ధర మళ్లీ పెరిగిన మర్నాటి పొద్దున, ఆసుపత్రి గేటు పక్కన నల్ల కారు ఆపుకుని చుక్కల సారు భార్య కోసం ఎదురుచూస్తున్నారు. వెనక సీట్లో ఆయన తల్లి ఒళ్లో చేతిసంచి పెట్టుకుని కూచుని ఉన్నారు. ఆ రోజు వాళ్ల ప్లాను బహు మామూలుది. నైట్ డ్యూటీ దిగే కోడలిని ఎక్కించుకోవాలి, పది గంటలకల్లా లైసెన్సు ఆఫీసు గ్రౌండుకి చేరాలి, ఆవిడ డ్రైవింగు టెస్టు పాసవ్వాలి, భోజనం వేళకి అందరూ ఇల్లు చేరాలి. అంతే. ఇందులో శ్మశానం ప్రసక్తి ఎక్కడా లేదు.

ఆయనకి చుక్కల సారు అని పేరు పెట్టింది ఎవరో గిట్టనివాళ్లు కాదు, సొంత ఆఫీసువాళ్లే. నీళ్ల సరఫరా ఆఫీసులో లీకేజీలు పట్టుకునే విభాగం ఆయనది. పాతికేళ్లుగా గొట్టాలకి చెవి ఆనించి, ఎక్కడ చుక్క కారుతోందో విని విని, లోకమంతా ఎక్కడో ఒకచోట కారిపోతున్నట్టే ఉండేది ఆయనకి. మొదట్లో ఆ జబ్బు నీళ్ల వరకే ఉండేది. పెట్రోలు ధర పెరుగుతూ పోయేకొద్దీ అది కారుకీ పాకింది.

కారు తేలికైతే పెట్రోలు మిగులుతుందన్నారు ఎవరో. ఇంకేం, స్టెప్నీ టైరు, జాకీ, కాళ్ల కింద పట్టాలు అన్నీ తీసి వరండాలో పేర్చేశారు. అద్దాలు దించితే గాలి లోపలికి దూరి కారుని వెనక్కి లాగుతుందని ఎక్కడో చదివారు. ఎవరూ దించకుండా అద్దాలు తిప్పే పిడులు కూడా ఊడదీసి అల్మారాలో దాచేశారు. ఏసీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ మీట మీద దుమ్ము పేరుకుని చాలాకాలమైంది.

"అది హైవే మీద నూటికి పైన పోయేవాళ్లకి రాసిందండీ. మనం ఇరవైలో పోతాం. మన కారుని వెనక్కి లాగేంత తీరిక ఏ గాలికుంది?" అని భార్య ఒకసారి మొత్తుకుంది.

"సూత్రం సూత్రమే," అన్నారు చుక్కల సారు.

అన్నిటికన్నా ఆయన పట్టుకున్న పెద్ద రహస్యం బ్రేకు. బ్రేకు వేసినప్పుడల్లా అప్పటిదాకా కాల్చిన పెట్రోలంతా గంగపాలేనని ఆయన సిద్ధాంతం. కాబట్టి బ్రేకు వెయ్యాల్సిన అవసరమే రాకూడదు. దూరాన ఎర్ర లైటు కనిపిస్తే చాలు, కాలు తీసేసి, తాము అక్కడికి చేరేసరికి అది పచ్చగా మారేటట్టు దేకుతూ వెళ్లేవారు. ఆయన కారులో ఎక్కిన ఆఫీసు మిత్రుడొకడు, మధ్యలో దిగి నడుచుకుంటూ వెళ్లి ఆయనకంటే ముందు ఆఫీసులో సంతకం పెట్టాడు. ఆ తర్వాత వాళ్లిద్దరికీ మాటల్లేవు.

ఆసుపత్రిలో నుంచి నర్సమ్మ వచ్చింది. అక్కడ ముసలీ ముతకా అందరూ పిలిచే పిలుపు అదే, మనకీ అదే చాలు. తెల్ల డ్యూటీ బట్టలు మార్చుకునే వ్యవధి కూడా దొరకలేదు. రాత్రంతా రెప్ప వాల్చక కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"చూశావా అమ్మాయ్," అన్నారు అత్తగారు, ఆమె తలుపు తియ్యగానే. "వీడు నా సంచీ ఎత్తి బరువు చూస్తున్నాడు. పైగా నువ్వూ రావాలా అమ్మా, మైలేజీ పడిపోతుంది అంటాడు. ఒరేయ్, నిన్ను తొమ్మిది నెలలు మోశాను. ఏనాడైనా మైలేజీ అడిగానా?"

"మీరు ఉంటే నాకు ధైర్యం అత్తయ్యా," అంది నర్సమ్మ ముందు సీట్లో కూలబడుతూ. ఆ మాట మర్యాదకి అన్నది కాదు. ఆమె గుండె నిజంగానే దడదడలాడుతోంది.

ఎందుకు దడదడలాడదు? పెళ్లైన నాటినుంచి ఆమెది నైట్ డ్యూటీయే. ఊరంతా పడుకున్నప్పుడు లేచి ఉండడం, ఊరంతా లేచినప్పుడు కర్టెన్లు వేసుకుని పడుకోవడం. ఇప్పుడు ఆసుపత్రివాళ్లు మంచం దిగలేని రోగుల ఇళ్లకి నర్సుని పంపే పద్ధతి కొత్తగా పెట్టారు. కట్లు మార్చాలి, ఇంజెక్షన్లు చెయ్యాలి. పగటి పని. చిన్న వ్యాను ఇస్తారు, నడుపుకోవాల్సింది మాత్రం నర్సే. "సాయంత్రం లోపు లైసెన్సు తెచ్చి చూపించు, డ్యూటీ నీది. లేకపోతే ఇంకొకరికి ఇచ్చెయ్యక తప్పదమ్మా," అని హెడ్ నర్సు ఖండితంగా చెప్పేసింది. ఇప్పటికే రెండుసార్లు టెస్టు తప్పింది. రెండుసార్లూ ఒకటే తప్పు. రివర్సు గేరులో కారు వెనక్కి కదలకుండా గుర్రుమని ఆగిపోయేది.

ఆ తప్పు వెనక చుక్కల సారి శిక్షణ ఉంది. "యాక్సిలరేటరు అనుకోకు. నీ పాదం కింద పసిపిల్లాడి బుగ్గ ఉందనుకో," అని నేర్పించారాయన. వేరే ఎవరికైనా ఆ పాఠం పనికొచ్చేదేమో. చంటిపిల్లల వార్డులో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషికి ఆ మాట చెప్పాక ఇంక కాలెలా ఆనుతుంది? టెస్టులో ఇన్‌స్పెక్టరు "నొక్కండమ్మా, నొక్కండి" అని అరిచినకొద్దీ ఆమెకి చెవిలో చంటిబిడ్డ ఏడుపు వినిపించేది.

అలాగని ఆయన మీద ఆమెకి కోపం ఉందా అంటే, లేదు. వానైనా ఎండైనా తన డ్యూటీ దిగేసరికి గేటు దగ్గర ఆ నల్ల కారు ఉండకపోవడం ఆమె ఏనాడూ చూడలేదు. ఆ మనిషి తనకోసం కాల్చే పెట్రోలు గురించి ఒక్కసారి కూడా నోరెత్తలేదు. ఇంత పిసినారి మనిషి అంత ధారాళంగా ప్రేమిస్తాడని ఎవరికి చెప్పినా నమ్మరు, కాబట్టి ఆమె ఎవరికీ చెప్పలేదు.

కారు బయల్దేరింది. బయల్దేరింది అని వాళ్లకి తెలుసు, బయటివాళ్లు అనుమానించి ఉండవచ్చు.

పెద్ద రోడ్డు సగం మేర తవ్వేసి, గొట్టాలు వేస్తున్నారు. తవ్వింది చుక్కల సారి ఆఫీసువాళ్లే. మిగిలిన సగంలో ఒక్క కారు పట్టే దారి. ముందు వాడు ఎంత వేగంగా పోతే వెనక ఊరంతా అంత వేగంగా పోవాలి. ముందు వాడు చుక్కల సారు.

మొదట ఒక తెల్లకారు వెనక చేరింది. దాని వెనక ఒక మినీ లారీ, దాని వెనక రెండు టాక్సీలు, ఆ వెనక ఇంకా ఏవేవో. దారి ఇమ్మని అందరూ హెడ్‌లైట్లు వేశారు. తెల్లకారాయన హారను మీద చెయ్యి పెట్టి తియ్యడం మానేశాడు.

"ఏమండీ, వెనక అందరూ తిట్టుకుంటున్నారు. కొంచెం నొక్కండి."

"వాళ్లు తిట్టుకుంటూ పెట్రోలు తగలేస్తున్నారు. మనం నవ్వుకుంటూ మిగులుస్తున్నాం."

నవ్వే ఓపిక మాత్రం ఆ కారులో ఎవరికీ లేదు. అద్దాలు బిగించి, ఏసీ ఆపి, ఆ ఎండలో లోపల ఇడ్లీపాత్రలా ఉంది. ముగ్గురి మొహాల మీదా చెమట ధారలు కడుతోంది. ముగ్గురూ రుమాళ్లతో కళ్లు తుడుచుకుంటూ, ముక్కులు తుడుచుకుంటూ కూచున్నారు. కాసేపటికి అత్తగారు ఆ ఉక్కకి తట్టుకోలేక తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి, నిద్రలోకి జారుకున్నారు.

సరిగ్గా అప్పుడు నాలుగు రోడ్ల కూడలి దగ్గర నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబులు తల తిప్పి చూశాడు. ఏం కనపడింది అతనికి? పొడుగాటి నల్ల కారు. నడకకన్నా నెమ్మదిగా వస్తోంది. లోపల తెల్లబట్టల్లో ఒకావిడ, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్లు. ఆవిడ పక్కన కళ్లు తుడుచుకుంటూ బండి నడుపుతున్న మగమనిషి. వెనక హెడ్‌లైట్లు వేసుకుని, కనుచూపు మేర, ఒకదాని వెనక ఒకటి కార్లు. కానిస్టేబులు మెత్తని మనసు గలవాడు. చటాచటా మూడు వైపులా వాహనాలు ఆపేసి, టోపీ తీసి చంకలో పెట్టుకుని తల దించాడు.

తెల్లకారాయన ఇంకా హారను కొడుతూనే ఉన్నాడు. కానిస్టేబులు పరుగున వెళ్లి అతని కిటికీలో తల పెట్టాడు. "మనిషివేనా? అంత్యక్రియలకి పోతున్నవాళ్ల వెనకాల హారనా? నీ ఇంట్లో ఎవరూ పోలేదా, పోరా?" అని ముఖం వాచేలా చీవాట్లు పెట్టాడు. తెల్లకారాయన చెయ్యి హారను మీదనుంచి నిప్పు తగిలినట్టు లేచింది. ఆ మాట కారు నుంచి కారుకి పాకి, క్షణంలో వరస మొత్తం చప్పుడు చెయ్యడం మానేసింది. అంతవరకు తిట్టినవాళ్లంతా నాలుక కరుచుకున్నారు.

ఇంతటితో ఊరుకున్నా బాగుండేది. శ్మశానానికి వెళ్లే తిన్నని దారి తవ్వేశారని, పాపం ఈ దుఃఖంలో వాళ్లెక్కడ వెతుక్కుంటారని తలచి, కానిస్టేబులు తన మోటారు సైకిలెక్కి కారు ముందుకొచ్చాడు. నా వెనక రండి అని చెయ్యి ఊపాడు.

చుక్కల సారి కళ్లు మెరిశాయి. ఆ వారం ఊళ్లో ఇంధన పొదుపు వారోత్సవాలు జరుగుతున్నాయి. ప్రతి స్తంభానికీ 'నెమ్మదిగా నడపండి, ఇంధనం మిగల్చండి. ఆదర్శ డ్రైవర్లకు సన్మానం' అని అట్టలు వేలాడుతున్నాయి. ఇన్నాళ్ల తన తపస్సు ఇన్నాళ్లకి ఒక మనిషి కంట పడింది.

"చూశావటే!" అన్నారు పొంగిపోతూ. "నన్నే ఎంపిక చేశారు. అందరికీ చూపిస్తూ తీసుకుపోతున్నారు. వెనకవాళ్లు కూడా నా పద్ధతిలోనే నడుపుతున్నారు చూడు, ఒక్కడూ హారను కొట్టడం లేదు!"

"ఏమండీ, సన్మానం ఏమిటి? ఆ రోడ్డు పక్క కొట్టు నడిపే ఆయన్ని చూడండి, లేచి తల దించుకుని నిలబడ్డాడు. సన్మానానికి ఎవరైనా అలా నిలబడతారా? వీళ్లు మనల్ని శవయాత్ర అనుకుంటున్నారండీ!"

"గౌరవం. దాన్ని గౌరవం అంటారు. నీకు అలవాటు లేక తెలియడం లేదు."

నర్సమ్మ చావుల్ని చూసిన మనిషి. ఆ దించిన తలలు ఎలాంటివో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. అద్దం దించి కానిస్టేబుల్ని కేకేద్దామని చూస్తే పిడి లేదు, ఇంట్లో అల్మారాలో ఉంది. హారను కొడదామని చెయ్యి చాపితే "బ్యాటరీ!" అని ఆయన చెయ్యి పట్టేశారు. ఇంక గత్యంతరం లేక రెండు చేతులూ ఊపుతూ, అద్దం మీద దబదబా బాదుతూ, "ఆగండి! ఆగండి!" అని అరిచింది. కానిస్టేబులు వెనక్కి తిరిగి చూశాడు. తెల్లబట్టల ఆవిడ గుండెలు బాదుకుంటోంది. అతనికి కళ్లు చెమర్చాయి. ధైర్యం తెచ్చుకోమ్మా అన్నట్టు అరచెయ్యి చూపించి, బండి ఇంకాస్త నెమ్మది చేశాడు.

లైసెన్సు ఆఫీసు ఎడమ పక్కన వచ్చింది. గ్రౌండులో టెస్టు కోసం బారులు తీరిన కార్లు, చేతుల్లో కాగితాలతో ఎండలో నిలబడ్డ జనం, అన్నీ స్పష్టంగా కనపడ్డాయి. వచ్చాయి, వెళ్లిపోయాయి. దిగి నడిచి వెళ్లిపోదామా అంటే టెస్టుకి కారు కావాలి.

"అది మన గ్రౌండండీ!" అంది ఆమె. ఈసారి గొంతులోంచి ఏడుపే వచ్చింది.

"చూశాను. సన్మానం ఎంతసేపు, పది నిమిషాలు. ఈ పోలీసాయనే మాట సాయం చేస్తాడు, నిన్ను ముందు పిలుస్తారు. ఆసుపత్రి దగ్గర్నుంచి ఇక్కడిదాకా ఒక్క బ్రేకు, ఒక్కటంటే ఒక్కటి వెయ్యలేదే! ఇలాంటి రోజు జన్మలో మళ్లీ వస్తుందా?"

రాకూడదనే ఆమె కోరుకుంది.

సన్నని సందులోకి తిరిగి, ఎత్తైన గోడల మధ్యనుంచి వెళ్లి, పెద్ద ఇనుప గేటు ముందు మోటారు సైకిలు ఆగింది. చుక్కల సారు ఆ రోజు మొదటి బ్రేకు వేశారు. వెనక వరసలో సగం మంది దారి దొరికిన చోటల్లా తప్పుకున్నా, మొహమాటస్థులు కొందరు చివరిదాకా వచ్చారు. వాళ్లలో తెల్లకారాయన ఒకడు.

చుక్కల సారు దిగి, చొక్కా సర్దుకుని, జుట్టు చేత్తో దువ్వుకుని, వేదిక ఎక్కడుందా అని అటూ ఇటూ చూశారు. ఎక్కడా వేదిక లేదు. పూలు మాత్రం చాలా ఉన్నాయి.

కానిస్టేబులు దగ్గరికొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఇలాంటి రోజు అందరికీ వస్తుంది సార్."

"అందరికీ రాదు నాయనా. ఏళ్ల తరబడి కష్టపడితే వస్తుంది."

"అయ్యో. చాలాకాలం బాధపడ్డారా?"

"నాదేముంది, ఇంట్లోవాళ్లే బాధపడ్డారు. నేను మాత్రం ఒక్క చుక్క కూడా వృథా చెయ్యలేదు."

కానిస్టేబులు బుర్ర గోక్కున్నాడు. దుఃఖంలో మనిషి ఏదో మాట్లాడతాడని సరిపెట్టుకుని, "మరి... పోయినవారు ఏ బండిలో వస్తున్నారు?" అని మెల్లగా అడిగాడు.

ఈ లోపల తెల్లకారాయన తల దించుకుని నల్ల కారు దగ్గరికి వచ్చాడు. దారి పొడుగునా ఆ హారను అతన్ని లోపల కాల్చేసింది. ఎవరినైనా ఒకరిని క్షమించమని అడిగితే తప్ప మనశ్శాంతి లేదని వచ్చాడు. వెనక తలుపు తెరిచాడు. సీట్లో పెద్దావిడ ఒకరు తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, కదలకుండా ఉన్నారు.

"కూచోబెట్టే తీసుకొచ్చారా!" అన్నాడు గొణుగుడుగా. తర్వాత మోకాలి మీద ఒరిగి, కన్నీళ్లతో, "అమ్మా, తెలియక హారను కొట్టాను. మీరెక్కడున్నా నన్ను క్షమించండి," అన్నాడు.

అత్తగారు కళ్లు తెరిచారు. ఎదురుగా ఏడుస్తున్న పరాయి మనిషి. అతని వెనక తలలు దించుకున్న నలుగురు. వాళ్ల వెనక గేటు, గేటు వెనక సమాధులు. ఆవిడ సంచీ గుండెలకి హత్తుకుని, ఉన్న గొంతంతా పెట్టి, "ఒరేయ్! ఏమిట్రా నీ తొందర! నేనింకా బతికే ఉన్నానురా!" అని కేకేశారు.

తెల్లకారాయన వేసిన కేక దానికి రెండింతలు. అతను వెనక్కి పడిన చోట పూలబుట్ట ఉండబట్టి సరిపోయింది.

గుట్టు బయటపడడానికి ఆ తర్వాత ఎంతో సేపు పట్టలేదు. ఎవరూ పోలేదని, కారులోవాళ్లు తుడుచుకున్నవి కన్నీళ్లు కావని, అంత నెమ్మదిగా వచ్చింది దుఃఖంతో కాదు పెట్రోలు కోసమని తెలిసేసరికి, వెంట వచ్చిన మొహమాటస్థులు తిట్టాల్సినవన్నీ తిట్టి, బళ్లు తిప్పుకుని వెళ్లిపోయారు. పూలరేకులు దులుపుకుంటూ లేచిన తెల్లకారాయన మొహం అప్పుడు చూసింది నర్సమ్మ. ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి.

అతను బ్రేక్ ఇన్‌స్పెక్టరు. తనని రెండుసార్లు తప్పించినవాడు. ఇవాళ గ్రౌండులో అందరూ ఎవరి కోసం ఎండలో నిలబడి ఉన్నారో ఆ మనిషి.

"మీరా?" అన్నాడతను. "గేరు వేస్తే ఆగిపోయే అమ్మగారు."

"నమస్కారం సార్," అంది ఆమె. ఇంక ఈ జన్మకి పగటి వెలుతురు లేదు, కర్టెన్లు వేసుకుని పడుకోవడమే అనుకుంది.

కానిస్టేబులు మెత్తదనం అంతా ఆవిరైపోయింది. "లైసెన్సు తియ్యండి," అన్నాడు చుక్కల సారితో. ఆయన తీసి ఇచ్చారు. కానిస్టేబులు దాన్ని దగ్గరగా పెట్టి చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. "దీని గడువు తీరి ఏళ్లయింది కదా సార్. రెన్యువల్ చేయించలేదేం?"

చుక్కల సారు తల దించుకున్నారు. "రెన్యువల్ కౌంటరు ఊరి ఆ చివరన ఉంది. దానికోసమే అంత దూరం వెళ్తే పెట్రోలు దండగ కదా. అటువైపు ఇంకేదైనా పని పడితే రెండూ కలిపి చూసుకుందామని... ఇంతవరకు పడలేదు."

అప్పుడే సందు చివర నుంచి మెల్లగా ఒక వ్యాను వచ్చింది. దాని మీద పూలు, వెనక నిజంగా కళ్లు తుడుచుకుంటున్న మనుషులు. అందరి గొంతులూ ఒక్కసారిగా పడిపోయాయి. నల్ల కారు గేటుకి అడ్డంగా ఉంది.

"ముందు కారు తియ్యండి," అన్నాడు కానిస్టేబులు లోగొంతుతో. చుక్కల సారు కదలబోయారు. "మీరు కాదు! మీరింక స్టీరింగు ముట్టుకున్నారంటే మర్యాదగా ఉండదు. నాకా, మోటారు సైకిలు తప్ప రాదు."

అందరూ ఇన్‌స్పెక్టరు వైపు చూశారు. అతను చేతులు చాపి చూపించాడు. పెద్దావిడ కళ్లు తెరిచినప్పటి వణుకు ఇంకా తగ్గలేదు. "నేను పక్కన కూచుంటాను," అన్నాడు. "నర్సమ్మగారూ, మీరు తియ్యండి. ఆ గోడకీ నీళ్ల ట్యాంకుకీ మధ్య ఖాళీ ఉంది. వెనక్కి తీసి అందులో పెట్టండి."

గోడకీ ట్యాంకుకీ మధ్య ఆ కారు పట్టి, పక్కన ఒక పిల్లి పట్టేంత చోటు ఉంది. నర్సమ్మ డ్రైవరు సీట్లో కూచుంది. రివర్సు గేరు వేసి, పాదం ఆనించీ ఆనించనట్టు ఆనించింది. కారు గుర్రుమని ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పింది. మళ్లీ ఆగిపోయింది. వ్యాను దగ్గర నిలబడ్డవాళ్లు ఓపికగా చూస్తున్నారు. ఆ ఓపికే ఆమెని నలిపేసింది.

"పసిపిల్లాడి బుగ్గ," అని గొణిగింది.

"ఏమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు అయోమయంగా.

బయట చుక్కల సారు ఆమె మొహం చూశారు. అద్దంలోంచి ఆ ఎర్రని కళ్లలో అసలైన నీళ్లు కనిపించాయి. గొట్టంలో సన్నని చుక్క చప్పుడు పట్టగల మనిషికి, ఇన్నాళ్లూ తన ఇంట్లోనే ఏం కారిపోతోందో అప్పుడు తెలిసింది. కానిస్టేబుల్ని తోసుకుని ముందుకి ఉరికారు. సందు దద్దరిల్లేలా అరిచారు.

"నొక్కవే! గట్టిగా నొక్కు! అది బుగ్గ కాదు, బుద్ధిలేని నా మాట! పెట్రోలు పోతే పోయింది, నొక్కు!"

నర్సమ్మ నొక్కింది.

ఆ కారుకి అంత గొంతు ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎన్నో ఏళ్లుగా అణచిపెట్టుకున్నదంతా ఒక్కసారి గర్జించింది. నల్ల కారు ఠీవిగా వెనక్కి నడిచి, ట్యాంకుని తాకకుండా, గోడని రాసుకోకుండా, ఒక్క విడతలో ఆ ఖాళీలోకి వెళ్లి కూచుంది. వెనక సీట్లో అత్తగారు "శభాష్ అమ్మాయ్!" అని సంచీ మీద దరువేశారు. వ్యాను నెమ్మదిగా గేటు లోపలికి వెళ్లింది. ఆ సేపంతా నర్సమ్మ తల వంచుకునే ఉంది, ఇన్‌స్పెక్టరు కూడా.

వ్యాను వెళ్లిపోయాక అతను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "రెండుసార్లూ ఇదే చేసి ఉంటే నేనెందుకు తప్పిస్తానమ్మా?"

"ఇవాళ టెస్టుకి వేళ దాటిపోయింది కదా సార్," అంది ఆమె భయపడుతూ.

"టెస్టు పెట్టేవాడు మీ వెనకాలే ఇరవైలో దేకుతూ ఉంటే వేళ ఎలా దాటుతుంది? గ్రౌండుకి పోనివ్వండి. మిగతాది అక్కడ చూపించండి. నా కారు తర్వాత తెచ్చుకుంటాను, ఇప్పుడప్పుడే నా చేతులు నిలబడేలా లేవు." చెమట తుడుచుకుని, దాదాపు బతిమాలుతున్నట్టు అడిగాడు. "ఆ ఏసీ వెయ్యొచ్చా?"

ఆమె బయటికి చూసింది. చుక్కల సారు కళ్లు గట్టిగా మూసుకుని, వెయ్యమని తలూపారు. ఆ తలూపడం లైసెన్సు కన్నా ఎక్కువ అనిపించింది నర్సమ్మకి.

సాయంత్రం లైసెన్సు హెడ్ నర్సు బల్ల మీద ఉంది. పగటి డ్యూటీ ఖాయమైంది. ఆ రాత్రి నర్సమ్మ మామూలు మనుషుల్లా దీపం ఆర్పి పడుకుంది. ఎన్నాళ్ల తర్వాతో పక్కన ఆయన గురక వింటూ నిద్రపోవడం ఎంత హాయిగా ఉందో ఆయనకే చెబుదామనుకుంది కానీ, లేపితే పాపం అని మానేసింది.

చుక్కల సారి సంగతి అంత సులువుగా తేలలేదు. లైసెన్సు గడువు తీరి చాలాకాలమైంది కాబట్టి మళ్లీ మొదటినుంచి టెస్టు ఇవ్వాలన్నారు. ఇచ్చారు. పక్కన కూచున్న ఇన్‌స్పెక్టరు, కారు గ్రౌండు చుట్టూ ఒక చుట్టు తిరిగే లోపల దిగి టీ తాగి, గ్లాసు ఇచ్చి వచ్చి, "కారు కదులుతున్నట్టు నాకు నమ్మకం కుదరడం లేదు" అని తప్పించాడు. రెండోసారీ అంతే. ఆఫీసు దగ్గర దింపుతాను రమ్మని నర్సమ్మ రోజూ పిలుస్తుంది. అది చుట్టుదారి, నీకు పెట్రోలు దండగ అని ఆయన ఒప్పుకోరు.

ఇప్పుడాయన ఆఫీసుకి నడిచే వెళ్తున్నారు. పెట్రోలు ఖర్చు బొత్తిగా లేదు గానీ, చెప్పులు తొందరగా అరిగిపోతున్నాయని అడుగులు మెత్తగా వెయ్యడం సాధన చేస్తున్నారు.